ధ్వని నుంచి అక్షరానికి: గోదావరి మన్యంలో ఇంటి చదువు

ఖమ్మం, భద్రాచలం అనే రెండు పేర్లూ మహాప్రాణాలతోనే, అంటే ఊపిరిని ఒత్తి పలకవలసిన ఖ, భ అనే అక్షరాలతోనే మొదలవుతాయి. అయితే ఈ రెండు పట్టణాల మధ్య తిరిగే బస్సుల్లో ఎక్కి దిగే జనంలో చాలామంది నోట ఆ పేర్లు కమ్మం, బద్రాచలం అనే వినిపిస్తాయి. బస్సు నుదుట రాసి ఉన్న ‘భద్రాచలం’ అనే మాటను ఐదారేళ్ల బిడ్డ తనంతట తాను చదవాలంటే, తన పలుకుబడిలో లేని ఒక మహాప్రాణాన్ని, దాని పక్కనే ఒక సంయుక్తాక్షరాన్ని, ఆ సంయుక్తాక్షరం నెత్తిన ఉన్న దీర్ఘాన్ని, మాట చివరి సున్నను ఒకదాని వెంట ఒకటిగా దాటుకుంటూ పోవాలి. తెలుగు లిపి చదువరికి పెట్టే పరీక్షలు దాదాపు అన్నీ ఆ నాలుగు అక్షరాల్లోనే ఉన్నాయి. ఇంట్లో ఫోనిక్స్ పద్ధతిలో, అంటే అక్షరాన్ని దాని ధ్వనితో ముడిపెట్టి, ఆ ధ్వనులను కలిపి మాటగా పలికించే పద్ధతిలో చదువు నేర్పడానికి పూనుకునే తల్లిదండ్రులు ఈ అటవీ సరిహద్దులో ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ సామగ్రిని నమ్మాలి అన్న ప్రశ్నలకు జవాబు కూడా ఆ మాటను విప్పి చూడడంతోనే మొదలవుతుంది.

మాట్లాడడం మనిషికి సహజంగా అబ్బుతుంది. చదవడం అలా అబ్బదు. రాత పుట్టి సుమారు ఐదు వేల ఏళ్లే అయింది కనుక, చదువు కోసమే ప్రత్యేకంగా ఒక భాగం మెదడులో పుట్టుకతో ఏర్పడే వ్యవధి లేదు. ఫ్రెంచి నాడీశాస్త్రవేత్త స్టానిస్లాస్ డెహేన్ వివరించినట్టు, ముఖాలను, వస్తువులను గుర్తించే దృశ్యవ్యవస్థలో ఎడమవైపు అడుగున ఉన్న ఒక చిన్న ప్రాంతం చదువు నేర్చే కాలంలో అక్షరాల గుర్తింపుకు అలవాటుపడి, మాటల ధ్వనులను, అర్థాలను చూసుకునే భాషా కేంద్రాలతో కొత్త సంబంధం కలుపుకుంటుంది. అక్షరాన్నీ ధ్వనినీ జతచేసి పదేపదే పలికించడం ఆ సంబంధాన్ని గట్టిపరిచే పని. మాటలను బొమ్మల్లా మొత్తంగా గుర్తుపట్టించడం మేలా, ధ్వనులుగా విడదీసి నేర్పడం మేలా అన్న వివాదం అమెరికాలో చాలాకాలం నడిచింది. 1967లో జీన్ చాల్ రాసిన గ్రంథం, 2000లో వెలువడిన జాతీయ పఠన మండలి నివేదిక రెండూ క్రమబద్ధంగా ధ్వనులు నేర్పడానికే మొగ్గు చూపాయి. ఇంగ్లండులోనైతే 2012 నుంచి ఒకటో తరగతి పిల్లలకు ఫోనిక్స్ పరీక్షనే ప్రవేశపెట్టారు.

ఆ చర్చ అంతా ఇంగ్లిషును దృష్టిలో పెట్టుకొని జరిగినదని మాత్రం మరిచిపోకూడదు. ఇంగ్లిషులో 26 అక్షరాలు సుమారు 44 ధ్వనులను మోయాలి కనుక, ఒకే అక్షరం చోటును బట్టి తీరుతీరుగా పలుకుతుంది. అక్కడి కష్టం పొంతన లేకపోవడం. తెలుగులో రాసినదీ పలికేదీ చాలావరకు ఒకటే. ఇక్కడి కష్టం గుర్తుల రాశి. తెలుగు లిపిలో చదువుకు మూలమైన ప్రమాణం వర్ణం కాదు, అక్షరం. భాషలో మాటకూ మాటకూ తేడా తెచ్చే కనీస ధ్వనిని వర్ణం అంటారు. ‘కి’ అనేది ఒక అక్షరమే అయినా అందులో క్, ఇ అనే రెండు వర్ణాలున్నాయి. ‘క’ అని రాసినప్పుడు కూడా అందులో అకారం దాగి ఉంటుంది. హల్లులకు గుణింతపు గుర్తులన్నీ చేర్చి చూస్తే నాలుగు వందలకు పైబడిన రూపాలు తేలుతాయి, వాటిపైన ఒత్తులు వేరు. తెలుగు లిపికి తోబుట్టువైన కన్నడ లిపిలో చదువు నేర్చే పిల్లలపై సొనాలి నాగ్ చేసి 2007లో ప్రచురించిన అధ్యయనం, అక్షరాలన్నీ పట్టుబడడానికి నాలుగో తరగతి దాకా పడుతుందనీ, అక్షరంలోపలి వర్ణాలను విడదీసి వినగల నేర్పు అంతకన్నా నెమ్మదిగా వస్తుందనీ చూపింది. ఇంగ్లిషు అక్షరమాలను ఏడాదిలో ముగించే పిల్లలతో పోల్చి, రెండో తరగతికి వచ్చినా ఒత్తుల దగ్గర తడబడుతున్నాడని తెలుగు బిడ్డను మందమతిగా లెక్కగట్టడం అన్యాయం. ఆ తడబాటు లిపి స్వభావంలోనిది, బిడ్డ బుద్ధిలోనిది కాదు.

‘భద్రాచలం’లోని ‘ద్రా’ను తీసుకుంటే ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. పలికే వరస ద్, ర్, ఆ. కంటికి కనిపించే వరస మాత్రం అది కాదు: దీర్ఘం ద నెత్తిన కూర్చుని ఉంటుంది, రకారపు ఒత్తు కిందికి దిగిపోతుంది. కనిపించిన క్రమంలోనే పలికే బిడ్డ ‘దార’ అన్నాడంటే, అప్పటిదాకా తనకు నేర్పిన సూత్రాన్ని నమ్మకంగా పాటించాడని అర్థం. దీర్ఘం ఎక్కడ కూర్చున్నా చివరి హల్లుకే చెందుతుందన్న కొత్త సూత్రాన్ని ఎవరైనా విప్పి చెప్పేదాకా ఆ పొరపాటు పోదు. ఒత్తుల్లో కొన్ని తమ హల్లు రూపాన్ని పోలి ఉంటాయి, త, న, మ, య, ర, ల వంటివి పూర్తిగా వేరే రూపం తాలుస్తాయి. గుణింతంలోనూ ఇటువంటి మెలికలున్నాయి: ‘కొ’లో కనిపించే ఒత్వం ‘మొ’లో వేరే వేషం కడుతుంది, ‘కు’లోని కొమ్ము ‘పు’, ‘వు’లలో దిగువన తగులుకుంటుంది. ప, వ, ష, స, మ అనే అక్షరాల మధ్య తేడా ఒక చిన్న గీత, ఒక తోక, ఒక అతుకు. వర్ణమాలలో పక్కపక్కన ఉన్నాయి కదా అని ద, ధలను ఒకే పూట నేర్పితే, చుక్కంత తేడాను కంటితో, ఊపిరంత తేడాను చెవితో ఏకకాలంలో పట్టుకోమని బిడ్డను అడిగినట్టవుతుంది.

పెద్దబాలశిక్ష నాటి నుంచి తెలుగువాళ్ల ఇళ్లలో సాగుతున్న క్రమం అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు, ఆ తర్వాతే మాటలు. ఉచ్చారణ స్థానాలను బట్టి కంఠం నుంచి పెదవుల దాకా వర్ణాలను పేర్చిన ఆ వరస శాస్త్రీయమైనదే. కాని అది వ్యాకర్త కోసం చేసిన వరస, తొలిసారి చదవబోయే బిడ్డ కోసం చేసినది కాదు. ఙ, ఞ వంటి అక్షరాలు మాటల్లో ఎదురయ్యేది బహు అరుదు, ఋ కూడా అంతే. ఫోనిక్స్ సామగ్రి రూపొందించినవాళ్లు ఈ విషయంలో ఒక మంచి పని చేశారు: 1992 నుంచి ప్రచారంలో ఉన్న జాలీ ఫోనిక్స్ 42 ధ్వనులను ఏడు జట్లుగా విడదీసి, వర్ణమాల వరసను పక్కన పెట్టి, మొదటి జట్టుతోనే చిన్న చిన్న మాటలు కూర్చుకోగలిగేలా అక్షరాలను ఎంచింది. ఆ సూత్రాన్ని తెలుగుకు తెచ్చుకుంటే త, ల, వ, క, ప, ర, మ, న వంటి కొద్ది అక్షరాలతోనే తల, వల, కల, పలక అని చదివించవచ్చు. దీర్ఘం ఒక్కటి చేర్చగానే తాత, మామ, పాలకూర మొదటి సగం కూడా బిడ్డ చేతికి వస్తాయి. అక్షరం నేర్చిన రోజే దాని ఫలం, అంటే అర్థమున్న ఒక మాట, దక్కడమే ఈ వరసలోని బలం.

అయితే ఆ మాట ఎవరికి అర్థమున్నది? అటవీ సరిహద్దులో అసలు ప్రశ్న ఇదే. చదివి గ్రహించడం అనేది అక్షరాలను ధ్వనులుగా మార్చగల నేర్పునూ, విన్న మాటను అర్థం చేసుకోగల శక్తినీ గుణించగా వచ్చే ఫలమని 1986లో ఫిలిప్ గాఫ్, విలియం టన్మర్ ప్రతిపాదించారు. కూడిక కాదు, గుణకారం. రెండింటిలో ఏది సున్న అయినా ఫలం సున్నే. చర్ల, దుమ్ముగూడెం మండలాల లోపలి గూడేల్లో, నదికి దిగువన ఆంధ్రప్రదేశ్‌లోకి చేరిన చింతూరు, కూనవరం ప్రాంతాల్లో ఇంట్లో కోయ మాట్లాడే బిడ్డ తెలుగు అక్షరాలను ఎంత చక్కగా వల్లించినా, ఆ మాటలు చెవికి తెలియనివైతే చదువు ఫలం సున్న దగ్గరే ఆగిపోతుంది. ఉదాహరణకు బజారులో దొరికే ఏ తెలుగు పటంలోనైనా ఇ అక్షరం పక్కన ఇల్లు బొమ్మ ఉంటుంది. బొమ్మ చూసి బిడ్డ తన మాట పలికితే అది ‘లోన్’, అందులో మొదటి ధ్వని లకారం. బొమ్మ అక్షరానికి తోడ్పడవలసింది పోయి అడ్డం పడుతుంది. ఒ దగ్గర ఒంటె, ఓ దగ్గర ఓడ, ఋ దగ్గర ఋషి ఉన్న పటమైతే, బొమ్మ ఏమిటో ముందు చెప్పి, తర్వాత దాని పేరు చెప్పి, ఆ తర్వాత ధ్వని చెప్పవలసి వస్తుంది. మూడు తెలియనివాటితో ఒక తెలియనిదాన్ని నేర్పడం అవుతుంది.

కోయ తెలుగుకు దూరపుది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి చేసిన వర్గీకరణలో తెలుగు, గోండి, కోయ, కొండ, కువి, కుయి మొదలైనవన్నీ దక్షిణ-మధ్య ద్రావిడ శాఖకు చెందినవే. పందొమ్మిదో శతాబ్దంలో దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ కోయల భాష గురించి, ఆచారాల గురించి రాశాడు. గోదావరి ఒడ్డున ఉండే గొమ్ము కోయల మాండలికానికి స్టీఫెన్ టైలర్ రాసిన వ్యాకరణం 1969లో అచ్చయింది. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద కోయను మాతృభాషగా నమోదు చేసుకున్నవారు నాలుగు లక్షలకు పైబడి ఉన్నారు. వారందరి ఇళ్లలోనూ పరిస్థితి ఒకటి కాదు: రోడ్డు పక్క ఊళ్లలో, పట్టణాల చుట్టుపక్కల కోయ పిల్లలు తెలుగులోనే పెరుగుతున్నారు, కొందరు రెండు భాషల్లోనూ తేలికగా మాట్లాడతారు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లోని కల్లోలం వల్ల ఇటు వచ్చి అడవి లోపల గుడిసెలు వేసుకున్న గుత్తికోయల పిల్లలకు మాత్రం బడిలో వినిపించే తెలుగు తొలిరోజున పూర్తిగా కొత్త భాష.

ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని రాజ్యాంగంలో 1956లో చేరిన 350ఎ అధికరణం చెబుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సర్వశిక్షా అభియాన్ కింద 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలైనప్పుడు ఖమ్మం జిల్లాకు కోయను ఎంచుకున్నారు. ఒకటో తరగతి పుస్తకాలు కోయ మాటలతో, తెలుగు లిపిలో తయారయ్యాయి. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్ వైపు ‘కోయ భారతి’ పేరుతో వాచకాలు వచ్చాయి. ఈ పుస్తకాల వెనకున్న ఆలోచనలో గొప్ప వివేకం ఉంది: లిపి తెలుగుది కనుక బిడ్డ కోయ మాటలతో నేర్చుకున్న ప్రతి అక్షరం, ప్రతి గుణింతం తర్వాత తెలుగు చదవడానికి చెక్కుచెదరకుండా పనికివస్తుంది, మాట తనది కనుక అక్షరాన్ని ధ్వనిగా మార్చిన వెంటనే అర్థం వెలుగుతుంది. గుణకారంలో రెండు అంకెలూ సున్న కాకుండా నిలుస్తాయి. ఇటువంటి పుస్తకాలు బడి బీరువాల్లో మిగిలిపోకుండా ఇళ్లకు చేరాలి.

పుస్తకం చేరని ఇంట్లోనూ చేయదగినది చాలా ఉంది, పైగా అందులో మొదటి భాగానికి అక్షరంతో పనే లేదు. మాటలోని ధ్వనులను చెవితో విడదీయగలగడాన్ని ధ్వని స్పృహ అంటారు; అది ఎంత పదునుగా ఉంటే చదువు అంత తేలికగా సాగుతుందని అనేక భాషల్లో జరిగిన పరిశోధనలు తేల్చాయి. తెలుగు పిల్లలు పెద్దలకు అర్థం కాకుండా మాట్లాడుకోవడానికి ప్రతి అక్షరానికి ముందు క చేర్చి ‘కరా’, ‘కను కవ్వు’ అని ఆడుకునే క-భాష నిజానికి ధ్వని స్పృహకు ఉత్తమమైన సాధన, ఎందుకంటే మాటను అక్షరాలుగా విడగొట్టకుండా ఆ ఆట ఆడడమే సాధ్యం కాదు. మాటకు చప్పట్లు కొట్టి ఎన్ని అక్షరాలో లెక్కపెట్టడం, ఒకే ధ్వనితో మొదలయ్యే వస్తువులను ఇంట్లో వెతకడం, మాట చివరి అక్షరాన్ని వదిలేసి ఏం మిగిలిందో చెప్పమనడం వంటివి అన్నం వండుతూనో, తునికాకు కట్టలు కడుతూనో కోయలోనే చేయించవచ్చు. దీనికి తల్లికి చదువు రానవసరం లేదు. ఫోనిక్స్ పెట్టె కొనలేని ఇంట్లోనే చదువుకు కావలసిన సగం సామగ్రి, అంటే బిడ్డకు అర్థమయ్యే వేలాది మాటలు, ఇదివరకే ఉంది.

రెండో సగానికి పలక, బలపం, ఇసుక చాలు. పూర్వం వీధిబడుల్లో ఇసుకలో దిద్దించేవారు. మరియా మాంటిస్సోరి గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలను పిల్లల చేత వేలితో తడిమించింది. 1939 నుంచి కొన్నేళ్లు మద్రాసు అడయారులో ఉండి ఆమె భారతీయ ఉపాధ్యాయులకు తన పద్ధతిని నేర్పింది. 2004లో ఫ్రాన్స్ పరిశోధకులు బారా, జెంటాజ్, కోలే చేసిన ప్రయోగంలో అక్షరాన్ని చూడడంతో సరిపెట్టకుండా వేలితో తడుముతూ ధ్వనితో కలిపి నేర్చుకున్న పిల్లలు చదవడంలో ముందంజలో ఉన్నారు. అక్షరాన్ని రాసేటప్పుడు ‘గుడి’, ‘కొమ్ము’ అని గుర్తు పేరు మాత్రమే వల్లించకుండా, ఆ అక్షరం ధ్వనిని కూడా బిగ్గరగా పలకడం ఇక్కడ ముఖ్యం. ‘కకు గుడిస్తే కి’ అని పాడిన బిడ్డ ఆ పాట గుర్తున్నా ‘కి’ని మాటలో గుర్తుపట్టలేకపోవడం సర్వసాధారణం. పాత కేలెండరు వెనుక అక్షరాలను పెద్దగా రాసి ముక్కలుగా కత్తిరించుకుంటే మేక, కోడి, పులి, చీమ, నెమలి, వెదురు, తునికి వంటి మాటలను పేర్చవచ్చు. వీటిలో ఒత్తు గాని, మహాప్రాణం గాని లేవు, అన్నీ మన్యంలో కంటికి కనిపించేవే. కోయ మాట్లాడే ఇంట్లో అవే వస్తువుల కోయ పేర్లను అవే అక్షరాలతో పేర్చాలి. విప్ప అని కొందరు, ఇప్ప అని కొందరు పిలిచే చెట్టు పేరును జంట అక్షరాలకు తొలి పాఠంగా పెట్టుకోవచ్చు, ఎందుకంటే ప కింద ప అంత తేలికైన ఒత్తు మరొకటి లేదు.

మహాప్రాణాలను చివరికి వాయిదా వేయడంలో తప్పులేదు. ద్రావిడ భాషల దేశ్యపదాల్లో ఖ, ఘ, ధ, భ వంటి ధ్వనులు లేవు. తెలుగులోకి అవి సంస్కృతం నుంచి వచ్చిన మాటలతో చేరాయి, కోయ బిడ్డ నోటికి అవి మరీ కొత్త. బస్సు మీది పేరును చూసి ‘బద్రాచలం’ అన్న బిడ్డ చదవడంలో తప్పలేదు. అక్షరాన్ని గుర్తించాడు, తన ఊరివాళ్లు పలికినట్టే పలికాడు. ఉచ్చారణను దిద్దే పేరుతో ఆ క్షణంలో గద్దించడం వల్ల భ అక్షరం రాదు, పుస్తకమంటే భయం వస్తుంది.

చదువు రాని తల్లి బిడ్డ పక్కన కూర్చుని తానూ నేర్చుకోవచ్చు. 2017లో ‘సైన్స్ అడ్వాన్సెస్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, లక్నో దగ్గరి పల్లెల్లోని నిరక్షరాస్యులైన పెద్దలకు ఆరు నెలలపాటు దేవనాగరి నేర్పి, ముందూ తర్వాతా మెదడును స్కాన్ చేసి చూడగా, ముప్పై ఏళ్లు దాటిన వయసులోనూ దృశ్యవ్యవస్థలోని సంబంధాలు మారినట్టు కనిపించింది.

ఇక ఇంగ్లిషు. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిషు మాధ్యమం మొదలయ్యాక ఫోనిక్స్ పటాలు, వీడియోలు భద్రాచలం దుకాణాల నుంచి, ఫోన్ల నుంచి గూడేల దాకా చేరుతున్నాయి. వాటిని వాడే ఇళ్లలో తరచు జరిగే పొరపాటు ఒకటుంది. తెలుగులో అక్షరం పేరూ ధ్వనీ ఒకటే కనుక, ఇంగ్లిషు అక్షరం ధ్వనిని కూడా ‘బ’, ‘ట’ అని అకారం కలిపి నేర్పుతారు. అప్పుడు ‘బ్యాట్’ అనే మాట ధ్వనులను కలిపితే ‘బ-యా-ట’ లాంటిదేదో వస్తుంది. దీనికి మందు తెలుగు లిపిలోనే ఉంది: అచ్చును తీసేసి హల్లును ఒంటరిగా నిలబెట్టే పొల్లు. బ్, ట్, క్, న్ అని పొల్లుతో రాసి పలికించిన బిడ్డకు ఇంగ్లిషు ధ్వనులను అతకడం వెంటనే పట్టుబడుతుంది, పైగా తెలుగు ఒత్తుల్లోని రహస్యమూ అప్పుడే విప్పుకుంటుంది, ఎందుకంటే ‘ద్రా’లో ద పొల్లయిపోయి ర మీద ఆకారం నిలిచిందన్నదే దాని సూత్రం. మొదట ఇంటిభాషలోనూ తెలుగులోనూ ధ్వనిని, అక్షరాన్ని కలపడం కుదిరాకే ఇంగ్లిషు పటాన్ని గోడకు తగిలించడం మంచిది. రెండు లిపుల నియమాలనూ ఒకేసారి మోపడం ఐదేళ్ల బిడ్డకు భారం.

ఈ అడవికి మూడు వైపులా మూడు లిపులున్నాయి. ఒకే కోయ బిడ్డ ఇటు ఉంటే తెలుగు లిపిలో, సుక్మా, బీజాపూర్ వైపు ఉంటే దేవనాగరిలో, ఒడిశాలోని మల్కనగిరిలో ఉంటే ఒడియా లిపిలో చదువుకుంటాడు. మూడూ బ్రాహ్మి నుంచి పుట్టినవే కనుక అచ్చులు, వర్గాలు, గుణింతాల అమరిక మూడింటిలోనూ ఒకే తీరున సాగుతుంది. ఒక లిపిలో గుణింతం మర్మం పట్టుకున్న బిడ్డ రెండోదాన్ని కొత్త గుర్తులుగా మాత్రమే నేర్చుకుంటాడు. ఒక్క తేడా మాత్రం గట్టిది. కోయకూ తెలుగుకూ ఎ, ఏలు వేరు, ఒ, ఓలు వేరు. హ్రస్వానికి ఒక మాట, దీర్ఘానికి మరొక మాట. హిందీ రాతలో, ఒడియా రాతలో ఆ హ్రస్వాలకు విడిగా అక్షరాలు లేవు. అటు నుంచి వచ్చిన గుత్తికోయ బిడ్డకు తెలుగు అక్షరాలు నేర్పేవాళ్లు తలకట్టునూ దీర్ఘాన్నీ దిద్దించడానికి ముందే ఎత్వం, ఏత్వం, ఒత్వం, ఓత్వం అనే నాలుగు గుర్తులను కోయ మాటల జంటలతో వినిపించి, పొట్టిగా పలికే ధ్వనికి ఒక గుర్తు, సాగదీసి పలికే ధ్వనికి మరో గుర్తు ఉందని చూపితే, ఆ బిడ్డ చెవికి పుట్టినప్పటి నుంచీ తెలిసిన తేడా మొదటిసారి రాతలో కనిపిస్తుంది.